గీసిన బొమ్మలు, కదిలిన బొమ్మలు

నవ్వుకోండ్రా, బాగా నవ్వుకోండి. డెబ్బై దాటిన ముసలోడు బొమ్మల సినిమాకి పోయి, కండువా తడిసేటట్టు ఏడ్చి వచ్చినాడని మీ నాయన ఊరంతా చెప్పి పెట్టినాడు గదా. చెప్పనీ. 2025 జనవరిలో హైదరాబాదులో వాడే నన్ను హాలుకి తీసకపోయినాడు. జపానోళ్లు గీసిన రామాయణం, తెలుగు మాటలతో. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కొనిపెట్టి, "నాయనా, బొమ్మలు చూసి ఏడుస్తారా ఎవరన్నా?" అన్నాడు. ఇప్పుడు ఈ బుజ్జమ్మ కూడా అదే మాట అడగతా ఉండాది.

చెప్తాను. అబయా, ఆ ఎండు సరుగుడు కట్టె ఇంకోటి ఎయ్యి మంటలో. పచ్చిది గాదురా, కళ్లు మండతాయి. ధనుర్మాసం గాలి సముద్రం మీద నించి దూరి వస్తా ఉండాది.

మా పిలకాయల కాలంలో, మైపాడు దోవలో ఉండే మా ఊరికి తోలుబొమ్మలోళ్లు వచ్చేవాళ్లు. శివరాత్రి దాటి, వరికోతలై, కళ్లాలు ఖాళీ అయినాకనే వాళ్ల బండి కనపడేది. బండి మీద వెదురుబుట్టలు, ముసలోళ్లు, చంటిబిడ్డలు, ఒక హార్మోనియం, ఒక మద్దెల. వాళ్లల్లో వాళ్లు మరాఠీ మాట్లాడుకునేవాళ్లు. ఎన్నో తరాల కిందట దక్షిణానికి దిగి వచ్చిన ఆరెవాళ్లు. తెర వెనకాల నిలబడితే మాత్రం తేట తెలుగు, గొంతు పగిలిపోయే పద్యాలు. రంగనాథ రామాయణం వాళ్లకి నోటికి వచ్చు. ఊళ్లో వాన రాకపోతే విరాటపర్వం ఆడించేవాళ్లు పెద్దోళ్లు. అది ఆడితే వాన పడతాదని నమ్మకం. పడిందా అని అడగబాకండి, కొన్నిసార్లు పడింది.

రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టి గుంజలకి బిగించి కడితే అదే తెర. వెనక వరసగా దీపాలు. మా నాయన కాలంలో ఆముదం దీపాలు, మా కాలానికి పెట్రోమాక్సు లైటు వచ్చేసింది. మా నాయనకి ఆ లైటు అంటే గిట్టేది గాదు. ఆముదం దీపం గాలికి ఊగితే బొమ్మ ఊపిరి పీల్చేదంట, ఈ లైటు వచ్చినాక బొమ్మలు బిగుసుకుపోయినాయంట. చూసినారా, ప్రతి తరానికీ ఒక గొణుగుడు ఉంటాది.

ఒకసారి ఆట మొదలు గాకముందే నేను తెర వెనక్కి దూరినాను. తాడు మీద బొమ్మలు వరసగా వేలాడతా ఉండాయి. సీతమ్మ పక్కనే మండోదరి. దగ్గరికి పోయి సీతమ్మ చెయ్యి పట్టుకున్నాను. మేకతోలు. వెలుతురు అవతలి నుంచి ఇవతలికి వచ్చేంత పల్చగా గీకిన తోలు. రెండు పక్కలా రంగులు, మధ్యలో నల్లగీత. ఒడ్డాణం ఉండే చోట, వంకీ ఉండే చోట, సన్నటి ఉలితో కొట్టిన బెజ్జాలు. ఇవతలి నుంచి చూస్తే అవి బెజ్జాలే. ముందరకి పోయి కూర్చుంటే, దీపం వెలుతురు ఆ బెజ్జాల్లో నుంచి దూకి రవ్వలై మెరిసేది. భుజం కాడ ఒక ముడి, మోచేతి కాడ ఒక ముడి, ఒంటికి నిలువునా చీల్చిన వెదురుబద్ద. తల పక్కకి వాలిపోయి ఉండాది. ఆడించే ఆయన చూసి, "ఏం అబ్బాయా, అమ్మోరు బాగుండాదా?" అన్నాడు. నేను పరిగెత్తి ముందరకి వచ్చి మా అమ్మ పక్కన చాప మీద పడినాను.

ఆ రాత్రి రావణాసురుడు సీతమ్మని ఎత్తుకుపోయినాడు. ముడి చూసినాను, దారం చూసినాను, వెదురుబద్ద చూసినాను. అయినా ఎక్కిళ్లు పెట్టి ఏడ్చినాను. నా ఒక్కడికే గాదు, చాప మీద కూర్చున్న ముసలమ్మలకి కూడా తెలుసు అది మేకతోలని. ఆ మేకని కోసిన రోజు ఎవరింట్లో కూర వండినారో కూడా తెలిసిన ఊళ్లు అయ్యి. బుజ్జమ్మా, బొమ్మని తెలిసే ఏడ్చినాం అందరం. నీకు నా జవాబు ఇదే. మిగతాదంతా ఊసుపోని ముచ్చట, వింటే వినండి, లేకుంటే పోయి పండుకోండి.

వింటారా? సరే.

ఆ ఆటలో ఇంకో కిటుకు ఉండేది. బొమ్మని తెరకి ఆనించి పట్టుకుంటే కనురెప్ప గీత దాకా తేటగా కనపడతాది. అదే బొమ్మని మెల్లగా దీపం వైపు లాగితే పెద్దదై పోయి, అంచులు చెదిరి, తెరంతా ఆక్రమిస్తాది. హనుమంతుడు సముద్రం దాటేటప్పుడు ఇట్టనే పెరిగేవాడు. హనుమంతుడికి బొమ్మలు ఎన్నో: చిన్నది, పెద్దది, ఎగిరేది, తోకకి నిప్పు అంటుకున్నది. లంకాదహనం రాత్రి ఆడించే ఆయన కాలికింద చెక్కపలక ధనధన మోగేది. మైరావణ చరిత్ర వస్తే మేం పిలకాయలం దుప్పట్లు కప్పుకునేవాళ్లం. నడమ నడమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి, కతతో సంబంధం లేని మాటలు మాట్లాడి, ఊళ్లో పెద్దమనుషుల్నే ఎగతాళి చేసి పోయేవాళ్లు. కొన్ని మాటలు ఇప్పుడు మీ ముందర చెప్పలేను, మీ జేజి వింటా ఉండాది.

తోలుబొమ్మలోళ్లు ఏడాదికి ఒక్కసారి వస్తే, మిగతా నెలలన్నిటికీ చందమామ ఉండేది. నేను పుట్టకముందే, 1947 జులైలో, నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలు పెట్టిన పుస్తకం. మా ఊరికి వచ్చేది ఒకటే కాపీ. చేతులు మారి మారి నా కాడికి వచ్చేసరికి అట్ట ఊడిపోయేది. కతలు దాసరి సుబ్రహ్మణ్యం గారివి, తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, జ్వాలాద్వీపం. ఆ రాసేది ఎవరో మాకు అప్పుడు తెలీదు. మాకు తెలిసింది ఆ బొమ్మల కింద ఉండే సంతకం: చిత్రా. మీసాలు మెలితిరిగిన రాక్షసులు, కొండ కొన మీద కోటలు, లోపల ఏముందో తెలీని సొరంగాలు. బేతాళ కతకి మాత్రం శంకర్ గారి బొమ్మ: భుజాన శవం వేసుకుని, కత్తి పట్టుకుని విక్రమార్కుడు నడుస్తా ఉంటాడు. ఆ బొమ్మ గీసిన చెయ్యి 2020లో, తొంభై ఏడో ఏట ఆగిపోయింది. పేపర్లో ఆ వార్త చూసిన రోజు నేను అన్నం తినలా. మీ జేజికి కోపం వచ్చింది, "ఎవరు పోయినారని?" అని. చిన్నప్పుడు నాకు చీకటంటే భయం పోగొట్టిన మనిషి, అంటే ఆమెకి అర్థం గాలా.

చందమామలో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ నడమ రెండు పేజీలు ఉండేవి. ఈ పేజీలో మాంత్రికుడు దండం ఎత్తినాడు. ఆ పేజీలో రాజకుమారుడు చిలకైపోయి కొమ్మ మీద ఉండాడు. నడమ ఏం జరిగింది? ముందర చేతులు రెక్కలైనాయా, ముక్కు ముందరా? దీనికోసం ఏటిగట్టు మీద నేనూ మా పెదనాయన కొడుకూ కొట్టుకున్నాం. బొమ్మల సినిమాలు తీసేవాళ్లు కూడా ఇదే పని చేస్తారని నిండా రోజులకి తెలిసింది. పెద్ద చిత్రకారుడు మొదటి బొమ్మ, చివరి బొమ్మ గీసి ఇస్తాడంట. నడమ బొమ్మలు గీసేదానికి వేరే మనుషులు ఉంటారంట. మేం ఆ నడమ బొమ్మలన్నీ జీతం లేకుండా బుర్రలో గీసినాం.

డేరా సినిమా గురించి మీకు ఎవరూ చెప్పలేదా? ఊరిబయట డేరా, కింద ఇసుక, ఒకే మిషను. రీలు అయిపోతే లైట్లు వేసి ఇంకో రీలు ఎక్కించేవాళ్లు. తెగిపోయిన ఫిలిం ముక్కలు ఆపరేటరు కిటికీ కింద పారేస్తే, గోలీలిచ్చి అయినా సంపాదించేవాళ్లం. మాడిపోయిన బల్బు తీసుకుని, మూతి పగలగొట్టి, లోపల ఖాళీ చేసి నీళ్లు పోసినామంటే అదే మా అద్దాలమిషను. మిట్టమధ్యాన్నం గదిలో తలుపులు మూసి, ఒకడు బయట అద్దం పట్టుకుని ఎండని తలుపుసందులో నుంచి లోపలికి కొట్టాల. ఫిలింని తలకిందులుగా పట్టుకుంటేనే పంచె మీద మనిషి నిటారుగా పడతాడు. ఎన్టీ రామారావు పడినాడంటే గదిలో ఈలలు. కదిలేవాడు కాదు, అంతే. పక్కగడి చూస్తే అదే రామారావు, చెయ్యి వెంట్రుకవాసి పైకి లేచి ఉంటాది. ఆ పక్కగడిలో ఇంకొంచెం. సెకనుకి అట్టాంటి ఇరవైనాలుగు గళ్లు పరిగెత్తితేనే మనకి మనిషి చెయ్యెత్తినట్టు కనపడతాదని తెలిసినాక, సినిమా అంటే గౌరవం తగ్గలేదు, పెరిగింది.

మాయాబజార్ 1957 మార్చిలో వచ్చింది. మా డేరాకి రావడానికి చాన్నాళ్లు పట్టింది. లడ్డూలు లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోతా ఉంటే డేరాలో ఇసుకంతా ఎగిరింది. చిన్నమయ వేసిన రమణారెడ్డి మన నెల్లూరు మనిషి గదా, ఆయన తెర మీదకి వస్తే మావోళ్లు చుట్టం వచ్చినట్టు పలకరించేవాళ్లు. మన యాసని సినిమాలో దాచుకోకుండా మాట్లాడినాడు ఆయన. బయట ఇంద్రజాలం కూడా చేసేవాడు. ఆ సినిమాలో కోటలూ మేడలూ అన్నీ గోఖలే, కళాధర్ ముందర కాగితం మీద గీసుకున్నవే. అందుకేనేమో చందమామ పేజీలు లేచి నిలబడినట్టు ఉంటాయి. చందమామకీ మాయాబజార్‌కీ యజమానులు ఒకరే అని పెద్దయినాక తెలిసి, ఓహో అనుకున్నాను.

కాలేజీ రోజుల్లో మద్రాసులో మా మామ కాడికి పోయినాను. నెల్లూరులో పొద్దున రైలెక్కితే గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, అన్ని స్టేషన్లలో ఆగి మెల్లగా చేర్చేది. మామ ఇంగ్లీషు సినిమాలు ఆడే హాలుకి తీసకపోయినాడు. స్నోవైట్, ఏడుగురు మరుగుజ్జులు. డిస్నీ అనే ఆయన 1937 డిసెంబర్లో విడుదల చేసిన బొమ్మ అది, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఆడించేవాళ్లు. దగ్గర దగ్గర గంటన్నర. బొమ్మలు చూస్తా గంటన్నర ఎవరు కూర్చుంటారని ఆయన్ని అక్కడోళ్లే ఎగతాళి చేసినారంట.

నాకు ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం గాలేదు. అద్దంతో మాట్లాడే రాణి అర్థమైంది, పాతాళభైరవిలో మాంత్రికుణ్ణి చూసినవాడికి ఆమె కొత్తేమీ గాదు. ఆమె మందు తాగి ముసల్దై పోయేటప్పుడు హాల్లో పిల్లలు అరిచినారు. ఏడుగురిలో ఒక మరుగుజ్జు మాట్లాడడు, చెవులు పెద్దవి, చొక్కా వదులు. ఇంగ్లీషు రాని నాకు ఆ హాల్లో చుట్టం వాడొక్కడే.

గనిలో పని ముగించుకుని ఏడుగురూ ఇంటికి పోతా ఉంటారు. పొద్దు గుంకతా ఉండాది, పడిపోయిన మాను మీద వరసగా నడుస్తారు. వెనక ఎర్రటి వెలుతురు, ముందర ఏడు నల్లటి నీడలు. నేను కుర్చీలో లేచి కూర్చున్నాను. మామా, మామా, తోలుబొమ్మలు, అన్నాను గట్టిగా. ముందర సీటాయన వెనక్కి తిరిగి చూసినాడు.

తర్వాత చదివి తెలుసుకున్నాను ఆ పని ఎట్ట చేసినారో. పారదర్శకంగా ఉండే షీటు మీద ముందర పక్క గీత గీసి, వెనక పక్క రంగు నింపుతారు. రంగు నింపే పని ఎక్కువగా ఆడవాళ్లే చేసినారు. అడివి సీనుకి అద్దాల మీద చెట్లు గీసి, ఒక అద్దం కింద ఇంకో అద్దం ఎడం ఎడంగా పేర్చి, పై నుంచి కెమెరా పెట్టేవాళ్లు. దగ్గర చెట్టు త్వరగా జరుగుతాది, దూరపు కొండ మెల్లగా. దానికోసం పెద్ద మిషనే కట్టినారు. మనోళ్లు తెరకి ఆనించడం, దీపం వైపుకి లాగడం అనే ఒకే ఒక్క చేతిపనితో దూరం, దగ్గర చూపించినారని చెప్తే, మీ నాయన "అన్నీ మనోళ్లే కనిపెట్టినారంటావా?" అని వెక్కిరించినాడు. కనిపెట్టినారని గాదురా నేను చెప్పేది. తోలు మీద గీసినోడికీ షీటు మీద గీసినోడికీ ఒకే ఇబ్బంది వచ్చింది, ఇద్దరూ వెలుతుర్ని పట్టుకునే గట్టెక్కినారు.

దానికి సాక్ష్యం వాడే చూపించినాడు, కంప్యూటర్లో. డిస్నీ కంటే పదకొండేళ్ల ముందే, 1926లో, జర్మనీలో లొట్టె రైనిగర్ అనే ఆమె, నల్ల అట్టని కత్తెరతో కత్తిరించి, కీళ్ల కాడ తీగతో కట్టి, ఒక్కో గడి జరిపి ఫొటో తీసి, మొత్తం సినిమా చేసింది. అరేబియా కతల్లో రాజకుమారుడు, ఎగిరే గుర్రం, మాంత్రికుడు. చూస్తా ఉంటే వేళ్ల కొనలు కూడా వణికినట్టు ఉండాయి. అంత సన్నంగా కత్తిరించింది. ఇప్పుడు మిగిలి ఉన్న పూర్తి నిడివి బొమ్మల సినిమాల్లో అదే పాతది. చందమామ కొనడానికి డబ్బుల్లేక, పాత అట్టపెట్టెలు కత్తిరించి జుట్టుపోలిగాణ్ణి చేసుకున్న మాకు ఆమె చెయ్యి కొత్తగా అనిపించలా.

మన దేశంలో కూడా ప్రయత్నం చేసినారు. డిస్నీ కాడ పని చేసిన క్లెయిర్ వీక్స్ అనే ఆయన 1956లో బొంబాయిలో ఫిలిమ్స్ డివిజన్‌కి వచ్చి మన పిలకాయలకి నేర్పించినాడు. జాతక కత ఒకటి, మర్రిచెట్టు జింకది, 1957లో తీసినారు. ఆ నేర్చుకున్నోళ్లలో రామ్ మోహన్ ఒకడు. ఆయన పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

1989 నవంబరు మీకు తెలీదు. కావలి తుఫాను. మా ఇంటి పైకప్పు పెంకులు రాత్రంతా ఎగిరినాయి. పొద్దున చూస్తే, నేను దారంతో కుట్టించి పెట్టుకున్న చందమామలు ట్రంకుపెట్టెలో నీళ్లు తాగి ఒకదానికొకటి అంటుకుపోయినాయి. ఎండబెట్టి విడదీస్తే రంగంతా ఈ పేజీ నుంచి ఆ పేజీకి దిగిపోయింది. ఊళ్లో పడవలు పోయినోళ్లు, గొడ్లు పోయినోళ్లు ఉంటే నేను పుస్తకాలకి ఏడవడం బాగుండదని గొడ్లసావిట్లోకి పోయి ఏడ్చినాను. ఆ నెల్లోనే అమెరికాలో మత్స్యకన్య కత విడుదలైందని తర్వాత చదివినాను. సముద్రం అడుగున ఉండే పిల్ల, నేల మీద మనుషుల్ని చూడాలని కొట్టుకుంటాది. డిస్నీవాళ్లు చేత్తో షీటు మీద రంగులు నింపి తీసిన పెద్ద సినిమాల్లో అదే ఆఖరిదంట. ఆ తర్వాత రంగు నింపే పని కంప్యూటర్లకి పోయింది.

కంప్యూటరు బొమ్మలు బాగుండవా తాతా, అంటావా? బాగుంటాయి, ఎందుకుండవు. మొన్న నువ్వు చూపించినావే, అందులో సముద్రం చూస్తే కాళ్లు తడుస్తాయేమో అనిపించింది. నాకు సముద్రమే కావాలంటే మైపాడు పోతా గదా, ఆటో ఎక్కితే ఎంతసేపు. బొమ్మ సముద్రంలో నాకు మనిషి గీసిన అల కావాల. ఏ అల గీసేటప్పుడు అతనికి చెయ్యి నొప్పి పుట్టిందో, ఏది గీసేటప్పుడు కాఫీ తాగి వచ్చి కూర్చున్నాడో, గీతలో కనపడాల. ఇది నా పిచ్చి అనుకోండి.

ఇప్పుడు తోలుబొమ్మలోళ్లు ఏం చేస్తా ఉండారని అడిగినావు గదా అబయా. అనంతపురం అవతల నిమ్మలకుంటలో దీపాల మీద కప్పే తోలుగొడుగులు, గోడకి తగిలించే బొమ్మలు చేసి అమ్మతా ఉండారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. దీపం ఉండాది, తోలు ఉండాది, బొమ్మ ఉండాది. కత చెప్పమని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఇంక ఆ రామాయణం. యుగో సాకో అని జపాను ఆయన, 1983లో డాక్యుమెంటరీ తీసేదానికి మన దేశం వచ్చి, రామాయణం పట్టుకుని వదల్లేకపోయినాడు. మన రామ్ మోహన్, ఇందాక చెప్పినానే, ఆయనతో కలిసి, లక్ష దాకా బొమ్మలు చేత్తో గీయించి 1992కి పూర్తి చేసినాడు. మొదట్లో ఇక్కడ అడ్డు చెప్పినారు. దేవుణ్ణి కార్టూన్ బొమ్మని చేస్తారా, అని. ఆ మాట చదివి నాకు నవ్వాగలా. దేవుణ్ణి మేకతోలు మీద గీసి, వెదురుబద్దకి కట్టి, ఊరి నడిబొడ్డున తెల్లవార్లూ ఆడించినోళ్లం మనం. ఆ దేవుడి పక్కనే జుట్టుపోలిగాడి చేత బూతులు కూడా మాట్లాడించినాం. మన దేవుళ్లకి బొమ్మలంటే కోపం ఉంటే ఆ తెర ఎప్పుడో తగలబడి ఉండాల.

హాల్లో చూస్తే, రాముడి కళ్లు కొంచెం జపాను కళ్లే, కొండలు మాత్రం మన కొండలు. గాలికి ధోవతి అంచు కదలతాది, దాన్ని కదిలించడానికి ఎన్ని గీతలు గీసినారో అని నేను కత మర్చిపోయి లెక్కబెడతా కూర్చున్నాను. సీతమ్మని పుష్పకంలో ఎక్కించుకుని పోయే చోట కండువా తీసినాను, ఆ సంగతి మీకు తెలుసు. కుంభకర్ణుణ్ణి నిద్రలేపే ఘట్టం మాత్రం నాకు చప్పగా అనిపించింది. డప్పులు, ఏనుగులు, అరుపులు అన్నీ ఉంటే సరిపోతాదా? మా ఊళ్లో ఆ పని జుట్టుపోలిగాడిది. వాడు కుంభకర్ణుడి చెవిలో దూరి, అప్పులోళ్లు వచ్చినారు లెయ్యి మామా, అని అరిస్తే, అంతటి రాక్షసుడూ ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. జపాను ఆయన అన్ని రామాయణాలు చదివినాడంట గాని, ఆ పోలిగాడి సంగతి మాత్రం మనోళ్లెవరూ ఆయన చెవిన వేసినట్టు లేరు.